చలువ విడాకులు

ఫిబ్రవరి 3. పోటు మామూలు. తలుపులు దించి ఉన్నాయి.

ఈ లాగ్‌లో నీటి మట్టం, గాలి దిశ, తలుపుల సంగతి తప్ప మరేదీ రాయకూడదు. ఆ మాట మొదటి పేజీలోనే అచ్చేసి ఉంది. ముప్ఫై ఏళ్ల పైన దానికి కట్టుబడ్డాను. మార్చి ఆఖరుకి రిటైరవుతున్నాను కాబట్టి ఇకమీద కట్టుబడదలచుకోలేదు. అయినా పై ఆఫీసులో దీన్ని చదివే నాథుడు లేడు. మట్టాలన్నీ యంత్రమే నేరుగా పంపించుకుంటుంది. మనిషి చేత్తో రాయడం పాత ఆనవాయితీ, ఎవరూ తీసెయ్యలేదంతే.

నా పేరు ఎస్తేరు. సముద్రపు లాకుల్లో ఆరోదానికి ఆపరేటర్‌ని. పోటు వచ్చేటప్పుడు తలుపులు దించి సముద్రాన్ని ఆపుతాను, పాటు తీసినప్పుడు ఎత్తి కాలవ నీళ్లు బయటికి వదులుతాను. మా వెనకున్న ఊళ్లన్నీ సముద్రం కంటే పల్లం. నేను కునుకు తీస్తే వాళ్ల మంచాలు తేలతాయి.

ఈ రోజు పెన్షన్ సెక్షన్ నుంచి నాగజ్యోతి అనే అమ్మాయి ఫోన్ చేసింది. మెత్తగా మాట్లాడుతుంది, చెడ్డ కబురు చెప్పేవాళ్లు మాట్లాడినట్టు.

"మేడమ్, మీ చలువ గది కాగితంలో భర్త అన్న చోట దేవసహాయం గారి పేరు ఇచ్చారు. మా రికార్డులో ఆయన మీకు మాజీ భర్త అని ఉందండి."

సరిగ్గా అప్పుడే ఆ మాజీ భర్త వంటింట్లోంచి కేకేశాడు. "ఎస్తేరూ, ఉప్పెక్కడ పెట్టేవే?"

నేను ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాను. ఉప్పు డబ్బా ఆయన ముందే ఉంది. ఈ మధ్య ఎదురుగా ఉన్నవే కనిపించడం లేదు ఆయనకి. పోయిన వారం చెప్పులు వేసుకునే చెప్పులు వెతికాడు. నవ్వాను గానీ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఫిబ్రవరి 6. పోటు ఎక్కువ. మధ్య తలుపు కిర్రుమంటోంది, గ్రీజు పెట్టాను.

మాజీ భర్త సంగతి రాయాలి.

మంట నెలలు నాలుగు, ఏప్రిల్ నుంచి జూలై దాకా. అరవై దాటిన ఒళ్లు ఆ నాలుగు నెలలూ బయటి గాలికి నిలవదు. సర్వీసులో ఉన్నంతకాలం మా క్వార్టరుకి చలువ గొట్టం వేసి ఉంటుంది. రిటైరయ్యాక కొండ లోపల తొలిచిన గదుల్లో ఒకటి మన పేరు మీద ఇస్తారు, బతికినంతకాలం. సర్కారు ఉద్యోగికి పెన్షన్ అంటే అదే. డబ్బిస్తే ఏం కొనుక్కుంటాం, గాలి కొనుక్కుంటామా? గది లేనివాళ్లకి ఊరి చివర రేకుల షెడ్డు, తడి గోనెపట్టాలు, ఒక నర్సు. ఆగస్టు వచ్చేసరికి షెడ్డులో బోలెడు జాగా ఉంటుంది. ఎలా వచ్చిందని ఎవరూ అడగరు.

మా అత్త దీనమ్మ సర్కారు ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. గది వచ్చింది. రెండో ఏడే పక్షవాతం కూడా వచ్చింది. గదిలో తోడుగా మొగుడు ఉండొచ్చు, ఆయన ఏనాడో పోయాడు. పిల్లలుండొచ్చు, కానీ పెళ్లికానివాళ్లో, మొగుడో పెళ్లామో పోయినవాళ్లో, విడాకులైనవాళ్లో అయితేనే. కాపురం ఉన్న కొడుకు మంచాన పడ్డ తల్లికి నీళ్లు తాగించడానికి లోపలికి వెళ్లకూడదు, విడాకులైన కొడుకు వెళ్లొచ్చు. ఇంక ఎవడైనా ఏం చేస్తాడు?

మేమూ అదే చేశాం. లాకుల మీద దానికి పేరే ఉంది, చలువ విడాకులు. మా వాయిదా రోజున మా లైన్‌లోవే ఇంకా నాలుగు జంటలు కోర్టులో ఉన్నాయి. అందరం ఒకే లాంచీలో వెళ్లాం, విడిపోయాం, వచ్చేటప్పుడు రేవులో బిర్యానీ తిన్నాం. ఆయన నా పొట్లంలో ముక్కలు కూడా తీసుకుని తిన్నాడు. పాస్టరుగారికి చెబితే, "సర్కారు విడదీసింది గానీ ప్రభువు విడదీయలేదు, ఇంటికెళ్లి కూడు తినండి" అన్నారు. క్వార్టర్లో ఆయన్ని వంటమనిషి అని రాయించాను. వంట రాదు.

అయిదు వేసవులు తల్లి మంచం పక్కనే ఉన్నాడు. ఆవిడ పోయాక మళ్లీ పెళ్లి రాయించుకోవలసింది. "ఈ వయసులో పెళ్లి కొడుకునా, సిగ్గేత్తాదే" అన్నాడాయన. పై ఏడు చూద్దాం అన్నాను నేను. పై ఏడు ఏటా వచ్చింది, వెళ్లింది.

ఫిబ్రవరి 12. సెలవు. డ్యూటీ ఏడో లాకు వాళ్లకి ఒప్పజెప్పాను.

పెన్షన్ ఆఫీసుకి వెళ్లొచ్చాను. నాగజ్యోతి నిజంగా చిన్న పిల్ల. నాకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఒక్కొక్క తలుపూ మూసింది.

"మాజీ భర్తకి కూడా వాటా ఉంటుందండి. మీ సర్వీసులో మీ పెళ్లి ఉన్న ఏళ్ల లెక్క ప్రకారం ఆయనకి నెలన్నర వచ్చింది. మీకు రెండున్నర నెలలు. ఎవరికి ఏ రోజులో మీరే ఎంచుకోవచ్చు."

"ఇద్దరం కలిసి నాలుగు నెలలూ ఉంటే?"

"కుదరదండి. విడాకులైనవాళ్లని ఒకే గదిలో పెట్టకూడదు. ఒకప్పుడు కొట్టే మొగుళ్లతో కలిపి తాళాలేశారంట, ఆడవాళ్లు చచ్చిపోయారు. అప్పుడు పెట్టిన రూలు."

"మంచి రూలేనమ్మా," అన్నాను. మంచిదే కదా మరి.

"నా రెండున్నర నెలలూ ఆయనకే ఇచ్చేస్తే?"

"అది కూడా కుదరదండి. బెదిరించి రాయించుకుంటారని. మీరు వాడుకోని రోజులు ఎవరికీ చెందవు."

"మళ్లీ పెళ్లి చేసుకుంటాం. రేపే చేసుకుంటాం."

ఆ పిల్ల తల దించుకుంది. "రిటైర్మెంటుకి మూడేళ్ల ముందు జరిగిన పెళ్లే లెక్కండి. గది కోసం ముసలివాళ్లని చేసుకుంటున్నారని పెట్టారు. మీరిప్పుడు చేసుకుంటే ఆయనకి మాజీ భర్త వాటా పోతుంది, భర్త వాటా రాదు. ఉన్న నెలన్నరా పోతుంది."

నేను గొంతు తగ్గించి అడిగాను. "అసలు మేం విడిపోనే లేదంటే?"

ఆ పిల్ల చుట్టూ చూసింది. "ఆ మాట నేను వినలేదండి. వింటే రాయాలి. రాస్తే వాళ్లమ్మగారి గదిలో ఆయనున్న అయిదేళ్లూ దొంగతనం కింద వస్తాయి. మీ గది మొత్తం రద్దవుతుంది, ఇద్దరికీ."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు పక్కన కూడా గోతులే కనిపించాయి. ఈ రూళ్లలో ఒక్కటీ చెడ్డది కాదు, ఒక్కొక్కటీ ఎవరో ఒక దిక్కులేనిదాని కోసమే పెట్టారు. అన్నీ కలిపి మా పీకకే చుట్టుకున్నాయి. ఎవర్ని తిట్టాలో కూడా తెలియలేదు.

ఫిబ్రవరి 20. పాటు సమయానికి తలుపులు ఎత్తాను. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

లెక్క వేసుకున్నాను. ఏప్రిల్ అంతా క్వార్టరు ఖాళీ చెయ్యడానికి గడువిస్తారు, చలువ గొట్టం తియ్యరు. ఆ నెల ఇద్దరికీ గడిచిపోతుంది. మే, జూన్ సగం, చంపే రోజులు. ఆ నెలన్నర ఆయన్ని గదిలో పెడతాను. నేను షెడ్డులో ఉంటాను. గట్టి పిండాన్ని, ఏమీ కాదు. జూన్ సగం దాటితే మబ్బు పడుతుంది. అప్పుడు నా వంతు వచ్చినా వెళ్లను, ఇద్దరం షెడ్డులోనే పక్కపక్కన పడుకుంటాం. ఆయనకి అరవై ఆరు, గుండె కూడా అంతంత మాత్రం. ఆ నెలన్నర గది దొరక్కపోతే ఆయన బతకడు. అది నాకు అద్దంలో చూసినట్టు తెలుసు.

దానికి ఒకే ఒక్క గండం ఉంది. కొండ గేటు దగ్గర, లోపలికి వెళ్లేముందు, మాజీ భర్తని యంత్రం ఒక ప్రశ్న అడుగుతుంది. గది హక్కుదారు పక్కనే నిలబడాలి, ఆవిడ వేలు పెడితేనే తలుపు తెరుచుకుంటుంది. "ఈమె మీకు ఏమవుతారు?" అని అడుగుతుంది. ఏమీ కాదు అనాలి. మరో మాట అంటే దొంగ విడాకులని గది రద్దు.

పోయినేడు పదో లాకు సత్యవతి మొగుడు నోరు జారాడు. నలభై ఏళ్ల అలవాటు, "మా ఆడదండి" అన్నాడు. ఆగస్టుకి ఇద్దరూ లేరు.

దేవసహాయం మతి బాగున్న మనిషైతే నాకు భయం లేదు. నిన్న లాకు మెట్ల మీద కూర్చుని మా పెళ్లి ఎప్పుడని అడిగాడు. అయింది కదయ్యా అంటే, "ఎవరితో?" అన్నాడు. తర్వాత నవ్వాడు, ఆటపట్టించినట్టు. ఆటేనా కాదా అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను.

మతిమరుపని డాక్టరుకి చూపిస్తే అది కూడా రికార్డులోకి ఎక్కుతుంది. మతి సరిలేనివాడి జవాబు చెల్లదు, రక్తసంబంధీకులు వచ్చి చెప్పాలి. మాకు పిల్లల్లేరు. నేనా, ఆయనకి ఏమీ కాను.

మార్చి 2. పోటు మామూలు.

ఈ రోజు మొదలుపెట్టాను. చేపల పులుసు వడ్డించి ఎదురుగా కూర్చున్నాను.

"నేను నీకేమవుతానయ్యా?"

"ఇదేం పెశ్నే? పెళ్లానివి."

"కాదు. ఏమీ కాదు అనాల."

"ఎందుకనాల? నిన్నేవన్నా అన్నానా నేను? పులుసు బాగుందన్నాను గదే."

సంగతంతా చెప్పాను. విన్నాడు, తలూపాడు, "అలాగైతే అనేత్తాన్లే" అన్నాడు. చెయ్యి కడుక్కొచ్చాక మళ్లీ అడిగాను. "పెళ్లానివి" అన్నాడు. పదిసార్లు చెప్పి పదిసార్లు అడిగాను. పదకొండోసారి కోపమొచ్చి కంచం నెట్టేశాడు.

మార్చి 9. ఆదివారం.

గుడికి వెళ్లాం. పిల్లలు బైబిలు కంఠత వాక్యాలు చెబుతున్నారు. ఒక పిల్ల మధ్యలో తడబడింది. వెనక బల్ల మీంచి దేవసహాయం అందుకున్నాడు. అరవై ఏళ్ల కిందట ఆదివారం బడిలో నేర్చుకున్న వాక్యం, ఒక్క అక్షరం పోలేదు. పొద్దున తాగిన టీ గుర్తులేని మనిషి. అందరూ చప్పట్లు కొట్టారు.

నా బుర్రలో దీపం వెలిగింది. మావాళ్లకి ప్రశ్నోత్తరి అని ఒకటుంటుంది. టీచరు ప్రశ్న రాగం తీసి అడుగుతుంది, పిల్లలు చేతులు కట్టుకుని రాగంలోనే జవాబు చెబుతారు. అర్థం తెలియక్కర్లేదు, రాగం చాలు. ఆ వయసులో అలా పట్టిన మాట చచ్చేదాకా పోదు.

ఇంటికి రాగానే ఆయన్ని లేపి నిలబెట్టాను. టీచరులా కర్ర పట్టుకున్నాను. "ఈమె నీకు ఏమగును?" అన్నాను రాగం తీసి.

చేతులు వాటంతటవే కట్టుకున్నాడు. నేనే జవాబు కూడా అందించాను. "ఏమియు కాదు."

"ఏమియు కాదు," అన్నాడు. మూడోసారికి నేను అందించకుండానే అన్నాడు. నేను గెంతాను. నిజంగానే గెంతాను, ఈ వయసులో, బల్లకి మోకాలు కొట్టుకుంది. బెల్లం ముక్క పెట్టాను నోట్లో.

మార్చి 18. పోటు ఎక్కువ. వడగాలి మొదలైంది, పడమర నుంచి.

పొద్దుటా సాయంత్రం పాఠం. ఒక్కసారీ తప్పడం లేదు. నిద్రలేపి అడిగినా, కూర తరుగుతుండగా వెనకనుంచి అడిగినా, ఒకటే జవాబు. ఇంత తేలిగ్గా పట్టుబడుతుందనుకోలేదు. ప్రభువుకి దండం పెట్టుకున్నాను, తర్వాత దేనికి దండం పెడుతున్నానో తలుచుకుని సిగ్గుపడ్డాను.

మార్చి 25. పాటు. తలుపులు ఎత్తి ఉన్నాయి.

అన్నం పెడుతుంటే నేను అడక్కుండానే అన్నాడు. నా చేతిలోని గరిటె వంక చూసి, మెల్లిగా, రాగం తీసి, "ఏమియు కాదు" అన్నాడు. తర్వాత అన్నం కలుపుకున్నాడు.

ఏదోలా ఉంది నాకు.

మార్చి 31. తలుపులు దించి, చక్రం కొత్త ఆపరేటర్‌కి అప్పగించాను.

వీడ్కోలు సభలో శాలువా కప్పారు. దేవసహాయాన్ని కూడా తీసుకెళ్లాను. పై అధికారి, "వంటమనిషిని కూడా తెచ్చారా" అని నవ్వాడు. లాకు మీద వాళ్లెవరూ నవ్వలేదు, వాళ్లకి తెలుసు. తిరిగొచ్చేటప్పుడు దేవసహాయం నా శాలువా కుచ్చులు సవరించాడు. "ఇయాల సబ మీకేనాండి? బాగా జరిగిందండి," అన్నాడు.

నన్ను మీరు అన్నాడు. పెళ్లయిన రోజు నుంచి ఎప్పుడూ అనలేదు.

ఏప్రిల్ 7. లాకు లేదు, నీళ్లు లేవు. నా సొంత రాతలున్న పేజీలు చింపి దాచుకుని పుస్తకం వాళ్లకిచ్చేశాను, విడి కాగితాల మీద రాస్తున్నాను. చెయ్యి ఊరుకోవడం లేదు.

సాయంత్రాలు కంగారు పడుతున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి దారి చూస్తాడు.

"ఎవరి కోసమయ్యా?"

"ఎస్తేరు రాలేదండి ఇంకా. పోటు టైమైపోయింది. అన్నం తినకుండా ఎల్లింది."

"నేనే గదయ్యా ఎస్తేరుని!"

నా మొహం వంక మర్యాదగా చూశాడు. అబద్ధం చెబుతున్న పెద్దమనిషిని చూసినట్టు. తర్వాత చేతులు కట్టుకున్నాడు, ఎవరూ అడక్కుండానే. "ఏమియు కాదు."

మొదట నేనూ పట్టుబట్టాను, గట్టిగా అరిచాను కూడా. ఆయన ఏడ్చాడు. అప్పట్నుంచి, "ఎస్తేరు డ్యూటీలో ఉందండి, ఆలస్యమవుతుందంట" అంటున్నాను. ఆ మాటతో నెమ్మదిస్తాడు. నేను పెట్టిన అన్నం తిని, "మీక్కూడా శ్రమ," అంటాడు. రాత్రి పక్క వేస్తే గోడవైపు జరిగి పడుకుంటున్నాడు, పరాయి ఆడమనిషి ఉందని.

ఏప్రిల్ 13. ఆదివారం.

పాఠం ఆపేద్దామనుకున్నాను. రెండు రోజులు ఆపాను కూడా. ఈ రోజు తలుపు తీసుకుని లోపలికి రాగానే, "ఏంటే ఎస్తేరూ, ఇంత ఎండలో ఎక్కడికెల్లేవు?" అన్నాడు. నా ఎస్తేరూ అన్న పిలుపు, నా ఏంటే, అన్నీ తిరిగొచ్చాయి. ఆయన భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో తెలియక వీపు నిమిరాడు.

కాసేపయ్యాక కళ్లు తుడుచుకుని, రాగం తీసి అడిగాను. "ఈమె నీకు ఏమగును?"

"నా పెళ్లాం," అన్నాడు నవ్వుతూ.

ఇద్దరిలో ఒకరే దక్కుతారని తెలిసిపోయింది. నన్నెరిగిన దేవసహాయం కావాలంటే మే నెలలో పోతాడు. బతికిన దేవసహాయం కావాలంటే నేను ఎవరినీ కాకూడదు. పాస్టరుగారిని అడిగాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "నాకు తెలవదమ్మా" అన్నారు. ఆయన్నేం అనగలను?

కర్ర తీసుకున్నాను. చేతులు కట్టించాను.

ఏప్రిల్ 28.

పాఠం గట్టిపడిపోయింది. ఇంక చెదరదు. క్వార్టరు సామాను పంచేశాను. ఆయన తెల్లచొక్కా ఉతికి ఇస్త్రీ చేశాను. నాకు షెడ్డులో గోడ పక్క చోటు దొరికింది, నర్సు పాపం తెలిసిన పిల్లే.

మే 1.

తెల్లారేసరికే గాలి మంటలా ఉంది. లాంచీలో ఆయన నాకు చోటిచ్చి తను అంచున కూర్చున్నాడు. కొండ గేటు దగ్గర వరస ఉంది. యంత్రం పక్కన పెన్షన్ సెక్షన్ తరఫున డ్యూటీలో నాగజ్యోతి ఉంది. నన్ను చూసి పలకరించలేదు, పలకరిస్తే తప్పవుతుందని కాబోలు.

మా వంతు వచ్చింది. నేను వేలు పెట్టాను. యంత్రం అడిగింది, రాగం లేకుండా, ఇనప గొంతుతో.

"ఈమె మీకు ఏమవుతారు?"

రాగం లేదు. ఆయన యంత్రం వంకా, దాని మీది దీపం వంకా చూశాడు. నా వంక చూశాడు. తర్వాత బడి పిల్లాడిలా నిటారుగా నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"ఏమియు కాదు."

పచ్చదీపం వెలిగింది. తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి చల్లగాలి వచ్చి నా కాళ్లకి తగిలింది. గెలిచాం. ఆ మాటే అనుకున్నాను, గెలిచాం అని.

సంచి పట్టుకుని గడప దాటినవాడు ఆగి వెనక్కి తిరిగాడు.

"ఎండలో నిలబడ్డారేంటండి? మీరూ లోపలికి రండి."

"ఆవిడ రాకూడదండి," అంది నాగజ్యోతి.

"అయ్యో." నిజంగా బాధపడ్డాడు. ఏదో గుర్తొచ్చినట్టు గడప దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. నాగజ్యోతి చెయ్యి చటుక్కున యంత్రం మైకు మీద పడింది.

"ఏవండీ, మా ఇంటిది లాకు మీద డ్యూటీలో ఉందండి. ఎస్తేరని. నేను కనపడకపోతే ఊరంతా ఎతుక్కుంటాది. వత్తే, నేనిక్కడ సల్లగా ఉన్నానని సెప్తారా?"

"సెప్తానండి," అన్నాను.